కొట్టేసిన మామిడి చెట్టు మీది వాండా ఆర్కిడ్లు: కుండీలో పెంచాలా, మళ్ళీ చెట్టుకే కట్టాలా?

పెరటి మామిడి (సామర్లకోట)

సభ్యులందరికీ నమస్కారం. మా ఊరికి దగ్గరలో రోడ్డు వెడల్పు చేస్తూ వైశాఖంలో ఒక పాత నాటు మామిడి చెట్టును కొట్టేశారు. నేను బడికి వెళ్ళే రోజుల నుంచి ఎరిగిన చెట్టు అది. కింద పడిన కొమ్మల మీద పట్టీల్లాంటి దళసరి ఆకులతో, తాళ్ళలా వేలాడే తెల్లని వేళ్ళతో నాలుగు మొక్కలు కనిపించాయి. కొమ్మలు నరుకుతున్న మనిషిని అడిగితే, "అది బదనికండి, చెట్టు రసం తాగేస్తుంది, కాల్చేయడమే మంచిది" అన్నాడు. కాల్చడానికి మనసొప్పక, పని చూస్తున్న మేస్త్రీతో చెప్పి, నాలుగింటినీ అంటుకున్న బెరడుతో సహా ఇంటికి తెచ్చుకున్నాను. పెద్ద మొక్కకు అప్పటికే మొగ్గలు ఉన్నాయి. కొద్ది రోజులకే అవి విచ్చుకున్నాయి. పసుపు కలిసిన ఆకుపచ్చ రేకుల మీద గోధుమరంగు గళ్ళు, మధ్యలో ఊదారంగు నాలుక, దగ్గరికి వెళితే తీయని వాసన. ఫోటో చూసిన మా మేనల్లుడు అది వాండా టెస్సెలాటా అనే ఆర్కిడ్ అని చెప్పాడు.

ఆర్కిడ్ల కోసమని నర్సరీలో ఇచ్చిన కొబ్బరి పొట్టును మట్టి కుండీల్లో అదిమి, వాటిలో ఈ మొక్కలను నాటి, రెండు పూటలా బోరు నీళ్ళు పోస్తూ వచ్చాను. శ్రావణం వచ్చేసరికి ఆకులు ముడతలు పడ్డాయి, వేళ్ళు సగానికి పైగా నల్లబడి మెత్తబడ్డాయి. ఇంత నీరసంలోనూ పెద్ద మొక్క మరో పూల కాడ వేస్తోంది. వీటిని బతికించే దారి చెప్పండి. మాకు దగ్గరి పట్టణంలో చలికాలం జరిగే పూల ప్రదర్శనలో వీటిని పెట్టాలని కోరిక కూడా ఉంది. అయితే చెట్టు మీద పుట్టిన మొక్కను వసారాలో నా సొత్తుగా ఉంచుకోవడం న్యాయమేనా అన్న సందేహం నన్ను వదలడం లేదు. ఆ సందేహానికి కూడా మీ అభిప్రాయం కావాలి.

మేడమీది తోట (విశాఖపట్నం)

పెరటి మామిడి గారూ, మీరు కాల్చనివ్వకుండా తెచ్చినందుకు ముందుగా నా కృతజ్ఞతలు. ఇరవై ఏళ్ళుగా మేడ మీద వాండాలు పెంచుతున్న అనుభవంతో చెబుతున్నాను: మీ మొక్కలు దాహంతో ముడతలు పడ్డాయి. రోజూ రెండు పూటలా నీళ్ళు పోస్తున్నా దాహమేమిటి అనిపిస్తుంది. వాండా వేరు చుట్టూ చచ్చిన కణాలతో ఏర్పడిన స్పాంజి వంటి తెల్లని పొర ఒకటి ఉంటుంది. దాన్ని వెలామెన్ అంటారు. వాన పడగానే అది క్షణాల్లో నీటిని పీల్చుకుంటుంది, లోపలి పచ్చదనం పైకి కనిపించి వేరు ఆకుపచ్చగా మారుతుంది, గాలికి ఆరగానే మళ్ళీ వెండి రంగుకు వస్తుంది. ఈ తడవడం, ఆరడం అనే రెండూ ప్రతిరోజూ జరిగితేనే ఆ వేరు బతుకుతుంది. అదిమిన కొబ్బరి పొట్టులో ఆరడం అనేది లేదు కాబట్టి వేరు ఊపిరాడక కుళ్ళింది, కుళ్ళిన వేరు నీళ్ళు తాగలేదు, అందుకే చుట్టూ నీళ్ళున్నా ఆకు ఎండింది. పైగా సరిగా కడగని కొబ్బరి పొట్టులో ఉప్పు ఉంటుంది, మన తీరం బోరు నీళ్ళలో మరికొంత ఉప్పు చేరుతుంది.

ఈ రోజే నాలుగింటినీ కుండీల్లోంచి తీసి, పొట్టు అంతా పోయేలా కడగండి. ప్రతి వేరునూ చేతివేళ్ళ మధ్య పట్టి మెల్లగా నొక్కండి. గట్టిగా ఉన్నది, రంగు మాసినా సరే, బతికే ఉంది, దాన్ని ముట్టుకోవద్దు. పై తొడుగు ఊడి వచ్చి లోపల దారం మాత్రమే మిగిలిందంటే అది పోయినట్లే, మంచి భాగం వరకూ కత్తిరించండి. కత్తెరను ఒక్కో మొక్కకు ముందు మంటలో కాల్చి చల్లార్చడం మరిచిపోవద్దు, ఎందుకంటే ఆర్కిడ్ల వైరస్‌లు ఎక్కువగా కత్తెర ద్వారానే ఒక మొక్క నుంచి మరొక మొక్కకు పాకుతాయి. కోసిన చోట మాత్రమే చిటికెడు దాల్చినచెక్క పొడి అద్దండి. బతికున్న వేరు మీద పడితే ఆ పొడి దాన్ని ఎండబెడుతుంది.

తరువాత వాటిని కుండీ లేకుండానే, వేళ్ళు గాలిలో ఉండేలా తలకిందులు కాకుండా వేలాడదీయండి. చెక్క బుట్ట దొరికితే అందులో నాలుగు బొగ్గు ముక్కలు, రెండు పెంకు ముక్కలు వేసి నిలబెట్టవచ్చు, అంతకు మించి ఏమీ అక్కరలేదు. నెల రోజుల పాటు ఉదయం పూట పావుగంటో ఇరవై నిమిషాలో వేళ్ళను వాననీటిలో ముంచి తీయండి. ఈ వానల్లో డాబా నీళ్ళు డ్రమ్ములో పట్టుకుంటే అంతకన్నా మంచి మందు లేదు. సాయంత్రం తడపడం మానండి. ముఖ్యంగా నడిమి ఆకుల మొదట్లో నీళ్ళు నిలిచి రాత్రంతా ఉంటే మొవ్వు కుళ్ళుతుంది. వాండా ఒకే కాండంతో పైకి పెరిగే మొక్క కాబట్టి మొవ్వు పోయిందంటే ఇక పక్క పిలక వస్తుందేమోనని ఎదురు చూడవలసిందే. వెలుతురు విషయంలో ఆకే మీకు చెబుతుంది. లేత ఆకుపచ్చగా ఉంటే సరిపోతోంది, ముదురు ఆకుపచ్చగా మారి వాలిపోతే వెలుతురు చాలడం లేదు. కొత్త వేరు కొసలు కనిపించే వరకూ ఎరువు జోలికి వెళ్ళకండి. కనిపించాక లీటరు నీటికి అర గ్రాము 19:19:19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండేది) కలిపి వారానికి ఒకసారి చల్లితే చాలు.

ఇక మీకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. ఆ పూల కాడను కోసేయండి. నీరసించిన మొక్క పూయడం ఆరోగ్యానికి గుర్తు కాదు. ఉన్న కాస్త శక్తినీ పువ్వు లాగేసుకుంటే మొక్క మిగలదు. ఈ చలికాలం ప్రదర్శన ఆలోచన కూడా వదులుకోమనే నా సలహా.

వృక్షశాస్త్రం పంతులమ్మ (రాజమహేంద్రవరం)

పై సభ్యులు చెప్పిన పెంపకం పద్ధతితో పూర్తిగా ఏకీభవిస్తూ, "బదనిక" అన్న మాట దగ్గర కొంచెం ఆగాలనుకుంటున్నాను. మన వైపు ఈ మొక్కలు ఎన్ని నశించాయో ఆ ఒక్క మాట వల్లే అని నా నమ్మకం. చెట్టు మీద మొలిచిన ప్రతి మొక్కనూ మనవాళ్ళు బదనిక అంటారు. మామిడి తోటల్లో నిజంగా హాని చేసే బదనిక వేరే ఉంది. అది తన వేరులాంటి అవయవాన్ని కొమ్మ లోపలికి దించి చెట్టు తోడుకున్న నీటిని, లవణాలను లాక్కుంటుంది, అది పట్టిన చోట కొమ్మ కణితిలా ఉబ్బుతుంది, దాని పైభాగం క్రమంగా ఎండిపోతుంది. దాన్ని ఉబ్బుకు కిందుగా కొమ్మతో సహా కోయడం రైతుకు తప్పదు. వాండా అలాంటిది కాదు. దాని వేరు బెరడును పట్టుకుని ఉంటుందే తప్ప బెరడు దాటి లోపలికి వెళ్ళదు. వాన నీటితో, గాలిలోని తేమతో, బెరడు పగుళ్ళలో చేరిన దుమ్ముతో, ఆకు కుళ్ళుతో అది బతుకుతుంది. మీరు తెచ్చిన బెరడు ముక్కను తిప్పి చూడండి, లోపలి వైపు ఒక్క వేరైనా కనిపించదు. తోట కాపు కాసేవారికి ఈ తేడాను చేతిలో పెట్టి చూపిస్తే చాలు. నేను చూపించిన వారిలో కాదన్నవారు లేరు.

మీరు సామర్లకోట అని రాయడం చూసి నాకు చాలా సంతోషం కలిగింది. ఈ మొక్క శాస్త్ర చరిత్రలో మీ ఊరికి చోటుంది. వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి 1793లో కలకత్తా వెళ్ళే వరకూ సామర్లకోటలోనే పనిచేస్తూ, ఈ తీరంలోని మొక్కలను సేకరించి, స్థానిక చిత్రకారుల చేత బొమ్మలు గీయించి, వాటికి తెలుగు పేర్లు కూడా రాసుకున్నాడు. ఆ బొమ్మలతో 1795 నుంచి వెలువడిన కోరమండల్ తీరపు మొక్కల సంపుటాలలోనే ఈ ఆర్కిడ్‌కు గళ్ళగళ్ళది అనే అర్థం వచ్చే టెస్సెలాటా అన్న పేరు అచ్చయింది. అప్పట్లో దాన్ని ఎపిడెండ్రం అనే ప్రజాతిలో చేర్చారు. తరువాత స్థిరపడిన వాండా అన్న పేరు మన సంస్కృతపు మాట "వందా" నుంచి వెళ్ళిందే. అంటే ప్రపంచమంతా వేలాది సంకర జాతులకు పెట్టుకుంటున్న పేరు మన మాటే, దానిలో ఒక ముఖ్యమైన జాతి మన ఊళ్ళ మామిడి చెట్ల మీదిది.

మీ న్యాయ సందేహానికి వస్తాను. పడిపోయిన చెట్టు మీది మొక్కను కాపాడటం వేరు, నిలబడి ఉన్న చెట్టు మీది మొక్కను పెరికి తేవడం వేరు. మొదటిది చేసినందుకు మీరు బాధపడనక్కరలేదు. అయితే వసారాలో వేలాడే వాండా ఎంత చక్కగా పూసినా దాని వంశం అక్కడితో ఆగిపోతుంది, ఆ సంగతి గురించి ఆలోచించమని కోరుతున్నాను. ఆర్కిడ్ కాయ ఒక్కదానిలో వేల కొద్దీ, కొన్ని జాతుల్లో లక్షల కొద్దీ విత్తనాలు ఉంటాయి, కానీ అవి పొడిలాగా ఉంటాయి, మొలకకు కావలసిన నిల్వ ఆహారం వాటిలో లేదు. బెరడు మీద తగిన శిలీంధ్రం తగిలి ఆహారం అందిస్తేనే మొలక లేస్తుంది. ఈ సంబంధాన్ని నోయెల్ బెర్నార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1899లో గుర్తించాడు. 1922లో అమెరికాలో లూయిస్ నడ్సన్ ఆ శిలీంధ్రం లేకుండానే, చక్కెర కలిపిన అగర్ అనే జెల్లీ మీద మొలకెత్తించవచ్చని చూపించాడు, ఇవాళ ప్రయోగశాలల సీసాల్లో పెరిగే మొక్కలన్నిటికీ అదే ఆధారం. మన పెరట్లో ఆ సదుపాయం ఉండదు. అందుకని పాత చెట్టు బెరడు, దాని మీది శిలీంధ్రం, పరాగాన్ని మోసే కీటకాలు, పరాగం ఇచ్చిపుచ్చుకోవడానికి దగ్గరలో రెండో మొక్క, ఇవన్నీ ఉన్న చోటికి ఆ నాలుగింటినీ కలిపి చేర్చగలిగితేనే మీరు చేసిన రక్షణ పూర్తవుతుంది. సింగపూర్ బొటానిక్ గార్డెన్స్ వారు 1995 నుంచి తమ సొంత ఆర్కిడ్లను పెంచి, రోడ్డు పక్క చెట్ల మీద, ఉద్యానవనాల్లో తిరిగి నిలుపుతున్నారు. మనకు అంత పెద్ద ఏర్పాటు లేకపోయినా నాలుగు మొక్కలకు ఒక చెట్టు దొరకకపోదు.

చెట్టును ఎంచుకునేటప్పుడు బెరడు గరుకుగా, నిలకడగా ఉండాలి. మామిడి, వేప, చింత మంచివి. జామ, తెల్లమద్ది, నీలగిరి చెట్ల బెరడు పెచ్చులుగా రాలిపోతుంది కాబట్టి వేరు నిలవదు. నూలు గుడ్డ పట్టీతో కాండాన్ని కదలకుండా కట్టండి. ఇనుప తీగ, రాగి తీగ వాడవద్దు. మీ బెరడు ముక్కలను పారేయకుండా వాటితో సహా కట్టండి, అందులో ఆ శిలీంధ్రం ఉండే అవకాశం ఉంది.

పాడేరు కొండదారి

నేను పాడేరు దగ్గర పుట్టి పెరిగిన వాడిని, ఇప్పుడు ఉద్యోగరీత్యా వేరే చోట ఉన్నాను. పంతులమ్మ గారు చెప్పినదానికి ఒక్క మాట జత చేస్తాను. మా చిన్నతనంలో ఊరి పక్క ఇప్ప చెట్ల మీద, మామిడి చెట్ల మీద ఇవి గుత్తులు గుత్తులుగా ఉండేవి, నక్క తోకలా వేలాడే గులాబీ రంగు పూల రింకోస్టైలిస్ అనే ఆర్కిడ్ కూడా ఉండేది. ఇప్పుడు సెలవులకు వెళ్ళినప్పుడు వెతుక్కోవలసి వస్తోంది. కొంత పాత చెట్లు పోవడం వల్ల జరిగింది. కొంత మాత్రం కొనేవాళ్ళ వల్ల జరిగింది, ఇది నాకు బాధ కలిగించే విషయం. విహారానికి వచ్చినవారు పువ్వు చూసి ముచ్చటపడి మొక్క అడుగుతారు, కొండ మీది పిల్లలు ఇరవై ముప్ఫై రూపాయల కోసం ఎక్కి పెరికి తెస్తారు, ఆ మొక్క పట్నం చేరి మట్టి కుండీలో నెలకే చచ్చిపోతుంది. వేళ్ళ కోసం పెరికేవారు మరికొందరు. కీళ్ళ నొప్పులకు ఈ వేరు అరగదీసి పట్టు వేయడం మా వైపు ఉంది. కొన్ని ప్రాంతాల్లో దీన్నే రాస్న అని అమ్ముతారు. ఇంటి అవసరానికి రెండు వేళ్ళు కోసుకోవడం వల్ల మొక్క చావదు, మా అమ్మమ్మ అలాగే కోసేది. వ్యాపారానికి మొత్తం మొక్కనే లాగేస్తారు. రిజర్వు అడవి నుంచి తేవడం చట్టరీత్యా నేరమన్నది కొనేవారికి కూడా తెలియాలి. నీలి వాండా, ఎర్ర వాండా, లేడీస్ స్లిప్పర్ వంటి ఈశాన్య రాష్ట్రాల జాతులకైతే వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ప్రత్యేక రక్షణే ఉంది.

పెరటి మామిడి గారూ, ప్రదర్శనలో మీ మొక్క పెడితే చూసినవారిలో పదిమంది "ఇది ఎక్కడ దొరుకుతుంది" అని తప్పక అడుగుతారు. దానికి ఏం చెప్పాలో ముందే అనుకుని వెళ్ళండని నా విన్నపం.

ఫ్లోరిడా తెలుగు

నేను కాకినాడ వాడిని, మయామీకి దగ్గరలో ఉంటున్నాను. ఇక్కడి వాతావరణం మన తీరాన్ని పోలి ఉండటం వల్ల వాండాలు ఆరుబయటే పెరుగుతాయి. నా దగ్గర ఉన్న వాండా టెస్సెలాటా మాత్రం మన ఊరి నుంచి తెచ్చింది కాదు; ఆర్కిడ్ కుటుంబం మొత్తం అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం సైటిస్ పరిధిలో ఉంది కాబట్టి, అనుమతి పత్రాలు లేకుండా మొక్కను దేశం దాటించకూడదు. ఇక్కడి నర్సరీలో సీసా మొక్కగా కొని పెంచుకున్నాను. సెలవులకు వచ్చి సూట్‌కేసులో మొక్క పెట్టుకుని వెళ్దామనుకునేవారు దయచేసి ఆ పని చేయకండి.

ప్రదర్శన గురించి నాకు తెలిసింది చెబుతాను. ఇక్కడ అమెరికన్ ఆర్కిడ్ సొసైటీ నిర్ణేతలు పువ్వును వంద మార్కులకు తూస్తారు. కనీసం 75 వస్తే ఒక గుర్తింపు, 80 వస్తే మరొకటి, 90 వస్తే అన్నిటికన్నా పెద్దది. ఆ తూకంలో సంకర జాతుల గుండ్రని పెద్ద పూల పక్కన మన గళ్ళ వాండా తేలిపోతుందని అనుకోవచ్చు. కానీ ఇంకో రెండు విధాలైన గుర్తింపులు ఉన్నాయి, నాకు వాటి మీదే గౌరవం. ఒకటి మొక్కను అద్భుతంగా పెంచిన మనిషికి ఇచ్చేది, దానిలో మొక్క మొత్తం పరిమాణాన్ని, ఆరోగ్యాన్ని, పూల సంఖ్యను చూస్తారు. రెండవది అరుదుగానీ కొత్తదిగానీ అయిన సహజ జాతికి, దాన్ని చూడటం వల్ల నేర్చుకునేది ఉన్నప్పుడు ఇచ్చేది. మన ఊళ్ళ ప్రదర్శనల్లో కూడా సహజ జాతులకు వేరుగా ఒక బల్ల, ఒక బహుమతి పెట్టమని నిర్వాహకులను అడగండి. మీకు ఈ చలికాలం కాకపోతే వచ్చే ఏడాది చలికాలం ఉంది.

పెట్టే రోజు వస్తే కొన్ని జాగ్రత్తలు అవసరం. మొగ్గలు విచ్చుకునే రోజుల్లో మొక్కను తిప్పవద్దు. పువ్వులు వెలుతురు వైపు తిరిగి అమరుతాయి, మధ్యలో తిప్పితే ఒక్కొక్కటి ఒక్కో దిక్కు చూస్తుంది. ఆకుల మీది నీటి మరకలను పలచని నిమ్మరసంలో ముంచిన మెత్తని గుడ్డతో తుడవండి, మెరుపు కోసం నూనెలు రాయవద్దు. అన్నిటికన్నా ముఖ్యమైనది పేరు చీటీ. దాని మీద జాతి పేరు, తెలుగు పేరు, ఏ చెట్టు మీద ఉండేది, ఆ చెట్టు ఏమైంది, మీ చేతికి ఎలా వచ్చింది రాయండి. పాడేరు సోదరులు అడిగిన ప్రశ్నకు ఆ చీటీయే జవాబు చెబుతుంది.

మయామీలో ఫెయిర్‌చైల్డ్ ఉద్యానవనం వారు 2012లో ఒక పని మొదలుపెట్టారు. బడి పిల్లల చేత సీసాల్లో ఈ ప్రాంతపు ఆర్కిడ్లను పెంచించి, పెద్దయ్యాక వీధి చెట్లకు, బడి ఆవరణల్లోని చెట్లకు కట్టిస్తారు. ఒకప్పుడు నరికి, పెరికి రైళ్ళలో ఉత్తరాదికి పంపేసిన జాతులే మళ్ళీ ఊరిలో పూస్తున్నాయి. ఒక బడి గోడ దాటి వెళుతూ ఓక్ కొమ్మ మీద పూల గుత్తి చూసినప్పుడు నాకు మన పిఠాపురం రోడ్డు మామిళ్ళు గుర్తొచ్చి చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

పెరటి మామిడి (సామర్లకోట)

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. మేడమీది తోట గారు చెప్పిన రోజే నాలుగింటినీ తీసి కడిగాను. రెండింటికి మూడు నాలుగు మంచి వేళ్ళు మిగిలాయి, ఒకదానికి ఒక్కటే ఉంది, చిన్నదాని మొవ్వు అప్పటికే మెత్తబడి ఉంది, అది దక్కలేదు. పూల కాడ కోయడానికి రెండు రోజులు పట్టింది. కోసి గ్లాసులో నీళ్ళు పోసి పెడితే, ముదిరిన నాలుగు మొగ్గలు అందులోనే విచ్చుకున్నాయి.

పంతులమ్మ గారు చెప్పినట్లు బెరడు ముక్కను తిప్పి చూశాను, లోపలి వైపు ఒక్క వేరు కూడా లేదు. ఆ ముక్కను తీసుకెళ్ళి రోడ్డు పనిలో ఉన్న మనిషికి చూపించాను. చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, ముందున్న చెట్లలో ఇంకో రెండింటి మీద ఇవి ఉన్నాయని, కొట్టే ముందు కబురు చేస్తానని చెప్పాడు.

నేను చదువు చెప్పిన బడి ఆవరణలో పాత మామిడి ఉంది. ప్రధానోపాధ్యాయురాలితో మాట్లాడాను, ఒప్పుకున్నారు. బాగా ఉన్న రెండింటిని తూర్పు వైపు కొమ్మ పంగలో, పిల్లల చేతికి అందని ఎత్తులో, బెరడుతో సహా నూలు పట్టీతో కట్టించాను. ఒక్క వేరు మిగిలినది మాత్రం ఇంకా నా వసారాలో వేలాడుతోంది, రోజూ ఉదయం వాననీటిలో ముంచుతున్నాను. నిన్న దాని కాండం మీద, ఆకు మొదట్లో, బియ్యపు గింజంత ఆకుపచ్చని మొన కనిపించింది. అది వేరా, పూల కాడా అన్నది ఎలా పోల్చాలి?

మేడమీది తోట (విశాఖపట్నం)

కొస గుండ్రంగా, నున్నగా, మెరుస్తూ ఉంటే వేరు. కొస కాస్త చదునుగా, చిన్న పొలుసుల ముడుతలతో ఉంటే పూల కాడ. ఇంకో వారం ఆగి ఫోటో పెట్టండి. అది వేరు అని తేలితే దాన్ని చేత్తో తాకవద్దు, ఆ కొస చాలా సులభంగా విరుగుతుంది.